ఎవరూ కూర్చోని సోఫా

తనిఖీ అధికారి మెట్లు దిగి వెళ్ళిపోయాక మేస్త్రి చేసిన మొదటి పని, ఆయన కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని తడిగుడ్డతో తుడిచి పక్కింటివాళ్ళకు తిరిగి ఇచ్చేయడం. అంతా సవ్యంగా జరిగిందనే అనుకున్నాడు. ఆ సాయంత్రం భార్యతో, "పెద్దమనిషి. ఒక్క తిక్క ప్రశ్న కూడా వెయ్యలేదు," అన్నాడు.

ఆ కుర్చీయే కొంప ముంచిందని అప్పటికి వాళ్ళకు తెలియదు.

అసలు ఇదంతా మొదలైంది స్కూల్లో, లాబ్ పక్కనున్న చిన్న గదిలో. ఆఖరి క్లాసు పూర్తిచేసే పిల్లల తల్లిదండ్రులకు, ఆ తర్వాతి చదువుకు సాయం ఎక్కడ దొరుకుతుందో, ఎలా అడగాలో చెప్పడానికి ఆ గదిలో ఒకామె కూర్చుంటుంది. ఆమె హోదా పేరు చాలా పొడుగు. ఎవరికీ నోరు తిరగదు. అందుకని అందరూ ‘సాయం మేడమ్’ అంటారు. పిల్లలైతే ఆమె లేనప్పుడు ‘సాయంత్రం మేడమ్’ అంటారు, ఆమె మీటింగులన్నీ స్కూలు వదిలాకే ఉంటాయి కాబట్టి.

ఆ ఏడాది మొదటి మీటింగుకు గది నిండిపోయింది. పెద్దవాళ్ళంతా పిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు.

"గ్రాంటు అంటే తిరిగి కట్టక్కర్లేదు," అంది సాయం మేడమ్. "లోను అంటే కట్టాలి. మీరు ఇవాళ అన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుని ఇంటికెళ్ళండి. సంతకం పెట్టే ముందు అడగండి, ఇది గ్రాంటా, లోనా అని."

వెనక బెంచీలోంచి లారీ డ్రైవరు చెయ్యెత్తాడు. "తిరిగి కట్టక్కర్లేదంటే, ఇచ్చేవాళ్ళకేంటి మేడమ్ లాభం?"

"మీ అబ్బాయి చదువుకుంటే అదే లాభం."

"మావాణ్ణి మీరు చూసినట్టు లేరు."

గది మొత్తం నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తర్వాత ప్రతి ఏడాదీ చెప్పే మాట చెప్పింది.

"గ్రాంటు అడిగినవాళ్ళ ఇంటికి కమిటీ తరపున తనిఖీకి వస్తారు. కంగారు పడకండి. ఇల్లు శుభ్రంగా పెట్టుకోండి. లేనివాళ్ళమని నమ్మించడానికి చిరుగుల చొక్కాలు తొడుక్కోకండి, అలాంటి వేషాలు వాళ్ళు బోలెడు చూశారు. అడిగినదానికి జవాబు చెప్పండి. అడగనిది చెప్పకండి. అంతే."

ఈ చివరి మాట ఊరికే పుట్టలేదు. అంతకుముందు ఓసారి ఒక నాయనమ్మ, తనిఖీకి వచ్చినాయన మంచినీళ్ళు తాగుతుంటే పక్కన చేరి, "మా మనవడికేం లోటు బాబూ, నేను కన్నుమూస్తే ఈ ఇల్లంతా వాడిదే," అంది. అది అద్దె ఇల్లు. ముసలామె ఏదో గొప్ప కోసం అన్న మాట. కానీ కాగితం మీదికి ఎక్కిన మాట దిగలేదు. మనవడి గ్రాంటు పోయింది. అప్పటినుంచి సాయం మేడమ్ ప్రతి మీటింగులో ఈ మాటను మేకు దిగ్గొట్టినట్టు చెప్పేది. అడగనిది చెప్పకండి.

మీటింగు అయిపోయి జనం వెళ్ళిపోతుంటే ఒకాయన మాత్రం ఆమె కుర్చీ వెనక నిలబడి, దాని మెత్తను బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

"ఏమిటండీ?"

"మీ కుర్చీలో ఫోము చచ్చిపోయింది మేడమ్. కింద పలక తగులుతోంది. సాయంత్రానికి నడుం పట్టేస్తోందా?"

నిజమే. రెండేళ్ళుగా పట్టేస్తోంది. వయసు వల్ల అనుకుంటోంది ఆమె.

"వయసు కాదు, ఫోమే," అన్నాడాయన ఆమె మనసు చదివినట్టు. "నేను సోఫాల మేస్త్రిని. ఇదిగో, మా అమ్మాయి. మీ స్కూలే."

పక్కన సన్నగా, ఎముకల గూడులా ఒక పిల్ల నిలబడి ఉంది. ఇంట్లో పిలుపు పిచ్చుక. పిచ్చుక అంటే గలగలలాడుతుందని కాదు, కాస్త తిండి పెడితే గింజలు ఏరుకున్నట్టు తింటుందని. మాట తక్కువ. ఆ వెనక, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ పిల్ల తల్లి.

"ఏం చదువుదామనుకుంటున్నావమ్మా?"

"కృత్రిమ అవయవాల కోర్సు మేడమ్. కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకి కొత్తవి చేసి బిగించేది."

"నేను కుర్చీలకి కాళ్ళు పెడతాను, ఇది మనుషులకి పెడుతుందట," అన్నాడు మేస్త్రి. అనేసి, కూతురి జోకు తనే చెప్పేసినందుకు నాలిక్కరుచుకున్నాడు.

పిచ్చుక పట్టించుకోలేదు. "తొడుగు లోపల మెత్త సరిగ్గా లేకపోతే చర్మం ఒరుసుకుపోతుంది మేడమ్. అందుకే చాలామంది కాలు ఉండి కూడా మూలన పెట్టేస్తారు. మెత్త వెయ్యడం నాకు వచ్చు. మిగతాది నేర్చుకోవాలి."

సాయం మేడమ్ ఆ గదిలో వందలమంది పిల్లల్ని చూసింది. ఎందుకు చదువుతావంటే నేల చూపులు చూసేవాళ్ళే ఎక్కువ. ఈ పిల్లకు తనేం చేయబోతోందో వేళ్ళ కొసల్లో తెలుసు. ఆ కోర్సు ఉన్న కాలేజీలో ఈ పిల్లకు సీటు వచ్చింది కూడా. రానిదల్లా ఫీజు. గ్రాంటు వస్తే సీటు, లేకపోతే లేదు.

"వస్తుంది," అంది ఆమె. అలా ఎవరికీ చెప్పకూడదని ఆమెకు తెలుసు. అయినా అనేసింది.

మర్నాడు మేస్త్రి సూదీ దారం, కొత్త ఫోము ముక్క పట్టుకొచ్చి ఆమె కుర్చీ బాగుచేసిపెట్టాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. దరఖాస్తు నింపుతూ ఆమె, ఎక్కడ పని చేస్తారని అడిగింది. మెయిన్ రోడ్డు మీద సోఫాల వర్క్‌షాపు పేరు చెప్పాడు. యజమాని ఇచ్చిన జీతం సర్టిఫికెట్ జతచేశాడు. ఇంకేమైనా పని చేస్తారా అని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు.

*

మేస్త్రి ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో గోడవారన కుట్టుమిషను. మిగతా గదంతా ఆ రోజుల్లో ఒక తోలు సోఫా సెట్టు ఆక్రమించుకుని ఉంది. పెద్దదొకటి, చిన్నవి రెండు. ముదురు గోధుమరంగు తోలు. కొత్త బూటులా మెరుస్తోంది.

ఆ సోఫాలో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోరు. కొత్త తోలు బిగించిన సీటు మీద మొదట కూర్చోవలసింది దాని సొంతదారు అన్నది మేస్త్రి పెట్టుకున్న నియమం. మొదట కూర్చున్న మనిషి బరువుకే ఫోము ఒదుగుతుందట. పిచ్చుక చిన్నప్పుడు ఓసారి అలాంటి సోఫా ఎక్కి గెంతితే, కొట్టడమెరగని తండ్రి వీపు మీద ఒకటిచ్చాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో సోఫాలు వచ్చేవి, పోయేవి. కుటుంబం మాత్రం చాప మీద కూర్చుని తినేది.

తనిఖీ రోజు పొద్దున్నే పిల్ల తల్లి ఇల్లంతా కడిగింది. సోఫాల మీద కప్పిన పాత దుప్పట్లు చూడటానికి అసహ్యంగా ఉన్నాయని తీసి, మడిచి లోపల పెట్టేసింది. శుభ్రంగా పెట్టుకోమని మేడమ్ చెప్పారుగా. పక్కింటికెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చింది.

అధికారికి మోకాళ్ళ నొప్పులు. మూడు అంతస్తులు ఎక్కి, గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. లోపలికి తొంగిచూశాడు. సోఫా కనిపించింది. అడుగు అటే వేశాడు.

"అటు కాదు సార్, ఇటు ఇటు," అంటూ మేస్త్రి భార్య ప్లాస్టిక్ కుర్చీ ముందుకు జరిపింది.

అధికారి ఒక్క క్షణం ఆగాడు. సోఫా వంక చూశాడు. కుర్చీ వంక చూశాడు. కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

ఇంట్లో ఎంతమంది, అద్దె ఎంత, కరెంటు బిల్లు ఎంత, సొంత స్థలం ఏదైనా ఉందా. అడిగినవన్నీ మేస్త్రి చెప్పాడు. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. మధ్యలో భార్య ఏదో అనబోతే కంటితోనే ఆపాడు.

లేచేముందు అధికారి సోఫా చేతిని వేలితో నిమిరాడు.

"బాగుంది సోఫా."

అది ప్రశ్న కాదు. అందుకని మేస్త్రి జవాబు చెప్పలేదు. పైగా ఆ చేతిమీది కుట్టు తను రెండుసార్లు విప్పి మళ్ళీ వేసింది. ఎవరైనా మెచ్చుకుంటే ఏ పనివాడికైనా ఎలా ఉంటుందో ఆయనకూ అలాగే ఉంది. ముసిముసిగా నవ్వాడు.

అధికారి ఆ నవ్వును కూడా చూశాడు.

*

కమిటీ ఉత్తరం స్కూలుకే వచ్చింది. సాయం మేడమ్ నిలబడే చదివింది. తర్వాత కూర్చుని మళ్ళీ చదివింది.

దరఖాస్తు తిరస్కరించారు. కారణం కింద ఇలా రాసి ఉంది: ‘ఇంట్లో ఖరీదైన తోలు సోఫా సెట్టు ఉంది. దాన్ని వాడకుండా భద్రంగా ఉంచుకున్నారు. తనిఖీకి వెళ్ళిన అధికారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. చూపిన జీతానికీ ఇంటి స్థితికీ పొంతన లేదు. అభ్యంతరముంటే కమిటీ ముందు హాజరై చెప్పుకోవచ్చు.’

ఆమె పిచ్చుకను పంపి తండ్రిని పిలిపించింది. మేస్త్రి పని బట్టల్లోనే వచ్చాడు. జుట్టునిండా ఫోము పొడి.

"మీ ఇంట్లో తోలు సోఫా ఉందా?"

"ఉంది మేడమ్."

"ఎవరిది?"

"పళ్ళ డాక్టరుగారిది."

ఆమె గుండెల మీంచి బరువు దిగింది. "అమ్మయ్య. మరి ఆ ముక్క తనిఖీకి వచ్చినాయనతో ఎందుకు చెప్పలేదండీ?"

"ఆయన అడగలేదు మేడమ్." మేస్త్రి తల గోక్కున్నాడు. "మీరే కదా..."

అక్కడ ఆపేశాడు. ఆపేయడమే ఎక్కువ తగిలింది ఆమెకు. ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది.

"సరే," అంది. "తప్పు నాది. దిద్దుకుందాం. డాక్టరుగారి చేత సోఫా ఆయనదేనని రాయించండి. కమిటీకి వెళ్దాం. ఐదు నిమిషాల పని."

మేస్త్రి కదల్లేదు.

"ఏమైందండీ?"

"ఆ సోఫా వర్క్‌షాపుకి రావాల్సింది మేడమ్. డాక్టరుగారు మా యజమానికి పాత ఖాతా. నన్ను పక్కకి పిలిచి, ఇంటి దగ్గర చేసిపెట్టు, సగం రేటు ఇస్తానన్నారు. పిల్ల చదువుకి అక్కరకొస్తుందని ఒప్పుకున్నాను." గొంతు తగ్గించాడు. "బయటి పని పట్టుకుంటే మా యజమాని ఊరుకోడు. పోయినేడు వడ్రంగిని అలాగే గెంటేశాడు. మధ్యాహ్నం అన్నం కేరియర్ విప్పుతుంటే వచ్చి, మూత పెట్టుకుని పొమ్మన్నాడు. తినను కూడా తిననివ్వలేదు."

"డాక్టరుగారు కమిటీకి రాసిస్తే మీ యజమానికి ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోతే చాలు మేడమ్. ఇప్పుడే వెళ్ళి రాయించుకొస్తాను."

ఆయన్ని ఉండమని సైగ చేసి, ఇంటి దగ్గర పని చేస్తే ఫర్వాలేదా అని కనుక్కోవడానికి ఆమె కమిటీ ఆఫీసుకు ఫోన్ చేసింది. పేరు చెప్పకుండా, ఒకరి విషయం అంటూ అడిగింది. అవతలి గుమస్తా విసుక్కోకుండానే చెప్పాడు. ఇంటి దగ్గర వేరే పని చేస్తున్నట్టయితే తప్పేం లేదు, రాబడి పరిమితి దాటకపోతే గ్రాంటు ఇస్తారు. కానీ మొదట ఇచ్చిన జీతం సర్టిఫికెట్ చెల్లదు. ఇంటి దగ్గర చేసే ఆ పని సంగతి తనకు తెలుసునని రాసి, యజమాని కొత్త సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకుండా కుదరదు.

"వేరే దారేమీ లేదా?"

"రూలు మేడమ్. నేను పెట్టింది కాదు."

ఆమె ఫోన్ పెట్టేసి చెప్పింది. మేస్త్రి విన్నాడు. పిచ్చుక కూడా వింది. ఆ పిల్ల గది మూలన, పాత మ్యాపుల చుట్టల పక్కన నిలబడి ఉంది. ఉన్నట్టే మర్చిపోయారు ఇద్దరూ.

"అంటే," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా, "సోఫా నాదంటే పిల్ల చదువు పోతుంది. నాది కాదంటే నా పని పోతుంది."

"మీ యజమానితో నేను మాట్లాడనా?"

"వద్దు మేడమ్. మీరు మాట్లాడటం మొదలెట్టేసరికే నా పనిముట్ల పెట్టె రోడ్డు మీద ఉంటుంది."

"వేరే వర్క్‌షాపులో..."

"ఈ వయసులో కొత్తవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? స్టేప్లర్ గన్‌తో పిన్నులు కొట్టే కుర్రాళ్ళు సగం జీతానికి దొరుకుతున్నారు." కాసేపు అరచేతుల్లోకి చూసుకున్నాడు. "పోతే పోనీండి. కూలికెళ్తాను. ఇంటిదగ్గర చిన్నాచితకా చేసుకుంటాను. చదువు మళ్ళీ రాదుగా."

పిచ్చుక మూలనుంచి అంది, "అమ్మ ఆస్పత్రి కార్డు?"

తండ్రి ఆ వైపు చూడలేదు.

సాయం మేడమ్‌కు అప్పుడు అర్థమైంది. ఆ దగ్గు. ఇంట్లో ఏళ్ళ తరబడి ఎగిరిన ఫోము పొడి, తోలు రంగుల వాసన ఆవిడ ఊపిరితిత్తుల్లో ఇల్లు కట్టుకుంది. నెల నెలా ఆస్పత్రి, మందులు. అవన్నీ వర్క్‌షాపు ఇచ్చిన కార్డు మీద నడుస్తున్నాయి. ఉద్యోగం పోయిన రోజే కార్డూ పోతుంది.

"అది నేను చూసుకుంటాను," అన్నాడు మేస్త్రి.

"ఎలా నాన్నా?"

"చూసుకుంటానన్నానా? నువ్వు పుస్తకం చూసుకో."

పిచ్చుక మేడమ్ వైపు తిరిగి అడిగింది. "వచ్చే ఏడాది మళ్ళీ పెట్టుకోవచ్చా మేడమ్?"

అబద్ధం చెప్పాలనిపించింది ఆమెకు. ఆ గదిలో కూర్చున్న ఇన్నేళ్ళలో చెప్పలేదు. "పెట్టుకోవచ్చు. కానీ సీటు ఆగదు. పైగా ఈసారి రాసిన రిమార్కు ఫైల్లో అలాగే ఉంటుంది. చూసినవాళ్ళందరూ అదే చూస్తారు."

"సరే మేడమ్," అంది పిచ్చుక. ఫీజు గడువు తేదీ చెప్పినప్పుడు ఎలా అంటారో, అలా అంది.

*

కమిటీ ఆఫీసు కారిడార్లో బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. తల్లి రాలేదు. ఆ రోజు దగ్గు ఎక్కువగా ఉంది. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జేబులో డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాడు.

"నిన్నే ముందు అడుగుతారు," అంది సాయం మేడమ్ పిచ్చుకతో. "దరఖాస్తు నీ పేరు మీద ఉంది కాబట్టి. సోఫా ఎవరిదని అడిగితే, పళ్ళ డాక్టరుగారిదని చెప్పు. మిగతాది మీ నాన్నగారు చెబుతారు. భయమేస్తోందా?"

"లేదు మేడమ్."

"మధ్యాహ్నం యజమాని దగ్గరికి నేనే వెళ్తాను," అన్నాడు మేస్త్రి. "కేరియర్ పట్టుకెళ్ళను. ఆ వడ్రంగిలా మూత పెట్టుకోవాల్సిన పని ఉండదు." నవ్వాలని చూశాడు. ఎవరూ నవ్వలేదు.

"ఇంట్లో చెప్పారా?" అని అడిగింది మేడమ్.

"దానికి చెబితే దగ్గు ఆగదు."

లోపల్నుంచి పిలిచారు.

పొడుగాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో కమిటీ పెద్ద, నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. ఒక పక్క రాసుకునే అమ్మాయి. ఇంకో పక్క ఆ తనిఖీ అధికారి. మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. చెడ్డవాడిలా లేడు. అలసిపోయినవాడిలా ఉన్నాడు.

"కూర్చోండి," అన్నాడు కమిటీ పెద్ద. ప్లాస్టిక్ కుర్చీలే వేసి ఉన్నాయి.

"ఏమ్మా, నీ మార్కులు చూశాను. చాలా బాగున్నాయి. నీకివ్వకూడదని మాకేం లేదు. ఉన్నవాళ్ళు పట్టుకుపోతే లేనివాళ్ళకు మిగలదు, అంతే మా బాధ. ఒకే ఒక్కటి అడుగుతాను. ఆ సోఫా సెట్టు ఎవరిది?"

మేస్త్రి చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"మాదే సార్," అంది పిచ్చుక.

రాసుకునే అమ్మాయి కలం ఆగింది. మేస్త్రి కుర్చీలోంచి సగం లేచాడు.

"పిచ్చుకా..."

"నాన్నకి మొహమాటం సార్. చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నారు. మాదే. ముచ్చటపడి చేయించుకున్నాం."

"కాదండీ," అన్నాడు మేస్త్రి. "అది మాది కాదండీ, అది..."

"మరి ఎవరిది?" అన్నాడు కమిటీ పెద్ద.

పిచ్చుక తండ్రి వైపు తిరిగింది. చాలా నెమ్మదిగా అంది. "అమ్మకి రేపు ఆస్పత్రికి వెళ్ళాలి నాన్నా. గుర్తుందా?"

ఆ గదిలో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు ముగ్గురే. మేస్త్రి నోరు తెరిచే ఉంది. జేబులో కాగితం పట్టుకున్న చెయ్యి బయటికి రాలేదు. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

కమిటీ పెద్ద సాయం మేడమ్ వైపు చూశాడు. "మీరు ఈ కుటుంబం తరపున వచ్చారు కదా. మీరేమైనా చెబుతారా?"

ఒక్క వాక్యం చాలు. ఆ పిల్ల అబద్ధమాడుతోంది సార్. అంతే. ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే పిల్లకు చదువు దక్కుతుంది. తల్లికి మందు దక్కదు. ఎవరు దేన్ని వదులుకోవాలో తేల్చే హక్కు తనకెక్కడిది? పిచ్చుక ఆమె వైపే చూస్తోంది. బతిమాలినట్టు కాదు. తరగతిలో టీచరు లెక్క తప్పు వేస్తుంటే, ఎత్తి చూపాలా వద్దా అని చూసే పిల్లలా.

"లేదండీ," అంది సాయం మేడమ్.

"నువ్వింకేమైనా చెప్పాలా అమ్మా?"

"అడిగింది చెప్పాను సార్."

కమిటీ పెద్ద నిట్టూర్చాడు. "నిజం చెప్పినందుకు సంతోషం. చాలామంది చెప్పరు." ఫైలు మూసి పక్కనున్న దొంతర మీద పెట్టాడు. తనిఖీ అధికారి మాత్రం వెంటనే తల తిప్పలేదు. మేస్త్రి వేళ్ళ వంక చూస్తున్నాడు. బొటనవేలి నిండా సూది పోట్లు, గోళ్ళ చుట్టూ ఆరిన జిగురు. ఏదో అడగబోయినట్టు ముందుకు వంగాడు. అంతలో గుమస్తా తలుపు తీసి తర్వాతివాళ్ళ పేరు పిలిచాడు.

*

బస్సులో ముగ్గురూ మూడు చోట్ల నిలబడ్డారు. సీట్లు లేవు. ఉన్నా పక్కపక్కన కూర్చునేవాళ్ళు కారేమో.

తన స్టాపు వచ్చినప్పుడు సాయం మేడమ్ దిగి ఇంటికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేకపోయింది. వాళ్ళ వెనకాలే ఆ మూడు అంతస్తులూ ఎక్కింది.

తల్లి తలుపు తీసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏమన్నారు?"

"ఇవ్వరట అమ్మా," అంది పిచ్చుక చెప్పులు విడుస్తూ. "ఈసారికి లేదట."

"ఎందుకని?"

"మనకన్నా లేనివాళ్ళు చాలామంది ఉన్నారట."

మేస్త్రి గోడకు తిరిగి నిలబడ్డాడు. కుట్టుమిషను మీద ఏదో సర్దుతున్నట్టు చేతులు కదుపుతున్నాడు. అక్కడ సర్దడానికి ఏమీ లేదు.

"నువ్వెవరే, నా బదులు చెప్పడానికి?" అన్నాడు అటే తిరిగి. గొంతు పెద్దది చెయ్యలేదు. "నేను చస్తానా, ఒక పని పోతే? ఏం చేద్దామని నీ ఉద్దేశం? నాతోపాటు జీవితాంతం మేకులు పీకుతావా?"

"నీకిప్పుడు కళ్ళు సరిగ్గా ఆనట్లేదుగా. దారం నేనేగా ఎక్కిస్తున్నాను."

"పిల్ల ఏమంటోందండీ?" అంది తల్లి. దగ్గు అడ్డం వచ్చింది.

సాయం మేడమ్ గుమ్మంలోనే నిలబడి ఉంది. బస్సులో కూడబలుక్కున్నదంతా, ప్రైవేటు ట్రస్టులున్నాయి, లోనుకి వేరే పద్ధతుంది, చిన్న కోర్సులున్నాయి అన్నదంతా, ఆ గది చూశాక నోట్లోనే ఉండిపోయింది. చెప్పాలి. రేపు చెబుతుంది. ఇవాళ చెబితే, ఆకలితో ఉన్నవాళ్ళకు హోటలు దారి చూపినట్టు ఉంటుంది.

"ప్లాస్టిక్ కుర్చీ తెస్తానుండండి," అంటూ తల్లి పక్కింటికి బయల్దేరబోయింది.

"ఎందుకమ్మా?" అంది పిచ్చుక.

నేరుగా గది మధ్యకు వెళ్ళింది. పెద్ద సోఫా మీది దుప్పటి లాగి కింద పడేసింది. వెనక్కి తిరిగి, ఒక్క ఉదుటున దాని మీద కూర్చుంది. కొత్త తోలు మూలిగింది. ఎముకల గూడులాంటి పిల్ల. ఫోము పెద్దగా ఒదగనైనా లేదు.

తల్లి అదిరిపడి భర్త వైపు చూసింది. అతను తిరిగి చూశాడు. చెయ్యి లేవలేదు.

"రండి మేడమ్, కూర్చోండి," అంది పిచ్చుక. పక్కన చోటు తట్టింది. "మాదే. పెద్దవాళ్ళ ముందు చెప్పి వచ్చాంగా. నాన్నా, నువ్వు కూడా రా."

మేడమ్ కూర్చోలేదు. మేస్త్రి చాలాసేపటికి వచ్చాడు. కూతురి పక్కన, అంచు మీద, ఎవరో లేవమంటారేమోనన్నట్టు కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న కుట్టుమిషను వంక చూస్తూ ఉండిపోయారు. పిచ్చుక చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. తోలు మీద పడకుండా మాత్రం మొహం పక్కకు తిప్పుకుంది.

మేస్త్రి చెయ్యి సీటు పక్కన వేలాడుతోంది. అలవాటుగా వేళ్ళు అంచు కుట్టును తడుముతూ వెళ్ళాయి. ఒకచోట ఆగాయి. వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడే ఆగాయి. దారం వదులుగా ఉంది.

డాక్టరుగారి మనిషి రేపు సోఫా తీసుకెళ్ళడానికి వస్తాడు.

"లే పిచ్చుకా," అన్నాడు. "సూదిలో దారం ఎక్కించు."